ఆకలిని గుర్తించని చూపు

 



హజ్రత్ అబూ హురైరా (రజి) తమ పేదరికపు రోజుల సంగతి ఒకటి స్వయంగా తెలియజేశారు. సహీహ్ బుఖారీలో అది నమోదై ఉంది. మదీనాలో దైవప్రవక్త (స) మింబరుకూ, హజ్రత్ ఆయిషా (రజి) గదికీ నడుమ ఆయన స్పృహ తప్పి పడిపోయేవారు. అటుగా వచ్చినవారు ఆయనకు పిచ్చి పట్టిందనుకొని మెడపై కాలు మోపేవారు. ఆయనకున్నది పిచ్చి కాదు, ఆకలి. అలా నేలపై పడి ఉన్న మనిషే తర్వాతి కాలంలో ముస్లిం సమాజానికి అందరికంటే ఎక్కువ హదీసులను అందజేశారు.

చూసినవారికి ఆకలి ఆకలిలా కనిపించలేదు, మతిలోపంలా కనిపించింది. లోకంలో ఈ చూపు నేటికీ పోలేదు. కూలీ మందకొడిగా పనిచేస్తే సోమరి అంటారు. పిల్లవాడు తరగతిలో పరధ్యానంగా ఉంటే మొద్దు అంటారు. ఉదయం వాడేమైనా తిన్నాడా అని అడిగేవారు తక్కువ.

ఆకలి కడుపులో పుట్టి కడుపులోనే ఉండిపోయే బాధ కాదు. కడుపు ఖాళీ అయినప్పుడు జీర్ణాశయం నుండి గ్రెలిన్ అనే హార్మోను రక్తంలోకి అధికంగా విడుదలవుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు కొజిమా, కంగావా 1999లో దీనిని కనుగొన్నారు. అంతకు ఐదేళ్ళ ముందే, 1994లో, అమెరికాలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కొవ్వు కణాల నుండి వెలువడే లెప్టిన్‌ను గుర్తించింది. శరీరంలో నిల్వలు ఏపాటి ఉన్నాయో లెప్టిన్ తెలుపుతుంది. తినవలసిన వేళ అయిందని గ్రెలిన్ తెలుపుతుంది. ఈ రెండు కబుర్లనూ మెదడు అడుగుభాగంలోని హైపోథాలమస్ అందుకుంటుంది. వాటి ప్రభావం అక్కడితో ఆగదు. కోరికను, ఆశను, భావోద్వేగాలను నడిపే భాగాలకూ చేరుతుంది. అందువల్లనే ఆకలిగొన్నవానికి ఆహారపు బొమ్మ చూపినా చాలు, ఆ భాగాలు కడుపు నిండినవానిలో కంటే బలంగా స్పందిస్తాయి. ‘ఆకలి రుచి ఎరుగదు’ అని తెలుగు సామెత. నిజానికి రుచిని తెచ్చిపెట్టేదే ఆకలి! రొట్టె అదే, నాలుక అదే, మారినది మెదడు.

ఈ మార్పు ఎంతదూరం పోగలదో రెండవ ప్రపంచ యుద్ధపు చివరి రోజులలో తేటతెల్లమైంది. యుద్ధంలో అలమటిస్తున్న ప్రజలను తిరిగి ఎలా పోషించాలో తెలుసుకునేందుకు మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. ఆయుధం పట్టేందుకు అంతరాత్మ ఒప్పని 36 మంది యువకులు స్వచ్ఛందంగా ముందుకు వచ్చారు. ఆరోగ్యవంతులు, దృఢచిత్తులు, పరోపకారం కోరి వచ్చినవారు. 1945లో 24 వారాలపాటు వారికి సగం ఆహారమే పెట్టారు. శరీరపు బరువులో దాదాపు నాలుగోవంతు తగ్గిపోయింది. అయితే మనం గమనించవలసింది బరువును కాదు. వారి ఆలోచనలన్నీ ఆహారం చుట్టూనే తిరగసాగాయి. వంటల పుస్తకాలు చదివేవారు, పళ్ళాలు నాకేవారు, ఒక్క ముద్దను ఎంతోసేపు నమిలేవారు. చిన్న విషయానికే చిరాకుపడేవారు. స్నేహాలపైనా, చదువుపైనా ఆసక్తి నశించింది. ప్రయోగానికి ముందు వారిలో ఎవరూ చెడ్డవారు కారు. తర్వాతా కారు.

మన ధర్మశాస్త్రం ఈ సంగతిని ఏనాడో లెక్కలోకి తీసుకున్నది. భోజనం వడ్డించి ఉండగా నమాజు వేళయితే ముందు భోజనం ముగించమని దైవప్రవక్త (స) అనుమతించారు. మనస్సు పళ్ళెం వైపు లాగుతుంటే సజ్దాలో నుదురు మాత్రమే ఉంటుంది. కోపంలో ఉన్న న్యాయమూర్తి తీర్పు చెప్పరాదన్న ఆదేశాన్ని ధర్మవేత్తలు ఆకలిగొన్న న్యాయమూర్తికీ వర్తింపజేశారు.

మరి రమజాన్‌లో మనం ఆకలిని కోరి ఎందుకు భరిస్తున్నాం? ఉపవాసి ఆకలికీ పేదవాని ఆకలికీ గల అంతరాన్ని ఇక్కడ గ్రహించాలి. గ్రెలిన్ నిత్యం భోజనం చేసే వేళకు పెరిగి, ఏమీ తినకపోయినా కొంతసేపటికి తానే తగ్గుతుంది. మధ్యాహ్నం వచ్చిన ఆకలి అస్ర్ వేళకు సద్దుమణగడం ఉపవాసులందరికీ అనుభవమే. మరొక వింత కూడా ఉంది. ఎలుకలలో ఆకలిని రేపే నాడీకణాలు, ఆహారం కనిపించి వాసన తగలగానే, ఇంకా ఏమీ తినకముందే శాంతించడం ప్రారంభిస్తాయని కాలిఫోర్నియా పరిశోధకులు 2015లో వెల్లడించారు. దస్తర్‌ఖాన్ ముందు అజాన్ కోసం ఎదురుచూసే ఘడియ గుర్తుకు వస్తుంది కదా! మన ఆకలికి ఒక గడువు ఉంది, మగ్రిబ్‌తో అది తీరుతుంది. పొయ్యిలో పిల్లి లేవని ఇంటివారికి ఏ అజాన్ ఆ కబురు తెస్తుంది?

ఇఫ్తార్ విషయంలోనూ ప్రవక్త (స) సంప్రదాయం ఎంతో మృదువైనది. కొన్ని ఖర్జూరాలు, లేకుంటే కొన్ని గుక్కల నీళ్ళు, ఆపై నమాజు. తిన్న ఆహారపు కబురు పేగుల నుండి మెదడుకు పూర్తిగా చేరడానికి పావుగంటకు పైగా పడుతుంది. ఆ వ్యవధి నమాజులో గడిచిపోతుంది. అజాన్ ముగియకముందే పకోడీలనూ హలీమునూ పోటీపడి ముగించేవారికి ఆ కబురు అందేసరికి ఆలస్యమవుతుంది. మధుమేహం ఉన్న పెద్దలు ఈ విషయంలోనూ, అసలు ఉపవాసం ఉండాలా వద్దా అన్న విషయంలోనూ తమ వైద్యుణ్ణి సంప్రదించాలి. రోగికి సడలింపు ఇచ్చినవాడు అల్లాహ్‌యే.

హిజ్రీ 18లో అరేబియాను కరువు కమ్ముకున్నప్పుడు హజ్రత్ ఉమర్ (రజి) ఆకలితో దొంగిలించినవారికి చేయి నరికే శిక్షను నిలిపివేశారని, ప్రజలకు దొరికేవరకు నెయ్యి ముట్టలేదని చరిత్రకారులు వ్రాశారు. నేరానికి ముందు ఆయన కడుపును చూశారు.

ఈ ఏడు మస్జిదులో ఇఫ్తార్ ఏర్పాటుచేసే సోదరులకు ఒక విన్నపం. పగలంతా ఎండలో పనిచేసి వచ్చి చివరి వరుసలో కూర్చునే కూలీ సోదరులకు మొదటి పళ్ళేలు అందించండి. ఎవరైనా రెండోసారి చేయి చాపితే ముఖంలోకి చూడకుండా వడ్డించండి. ప్రసంగాలేవైనా ఉంటే భోజనం ముగిశాక పెట్టుకుందాం.