మెదడు వాపు – జంట ప్రతిరక్షకములు



చక్కగా తిరుగుచుండిన పడుచుపిల్ల కొలది దినములలో నిద్ర మాని, పొంతనలేని మాటలాడి, మూర్ఛలు పోయినచో మనవారు దయ్యము సోకినదందురు. మఱికొందఱు పిచ్చి యందురు. ఇట్టివారిలో కొందఱిది దయ్యమును గాదు, పిచ్చియును గాదని 2007వ సంవత్సరమున జోసెప్ దల్మౌ అను వైద్యుడును, ఆయన సహచరులును తేల్చిరి.

మన నెత్తురులో ప్రతిరక్షకములను పదార్థములు కలవు. పూర్వము ఊరికి తలారి యెట్టివాడో దేహమునకు అవి యట్టివి. బయటి క్రిములను పట్టుట వాని పని. తలారియే యింటి యజమానుని దొంగ యని కొట్టినట్లు, ఒక్కొక్కప్పుడవి మెదడులోని ఎన్.ఎమ్.డి.ఏ. గ్రాహకములపై బడును. కొందఱు స్త్రీలకు అండాశయములోని గడ్డ దీనికి మూలము. కొందఱికి హెర్పిస్ క్రిమివలన వచ్చిన మెదడు వాపు తగ్గిన పిమ్మట నిది పుట్టును.

నా చికిత్సలో నొక బాలిక ఈ రోగమునుండి కోలుకొని యింటికి పోయెను. ఎనిమిది నెలలకు తండ్రి యామెను చేయి పట్టుకొని తెచ్చి, "అయ్యా, పిల్లకు ఒక కన్ను మసకబారినదండి" అనెను. పాతరోగమే తిరుగబెట్టినదని నేను మందు వ్రాయబోతిని. "అప్పుడు కంటికేమియు కాలేదు గదండీ" అని యాయన మెల్లగా ననెను. ఆ మాటకు నా కలము నిలిచినది. పరీక్షింపగా, నరములపై తొడుగును చెఱచు మాగ్ అను వేఱొక ప్రతిరక్షకము కనబడెను. ఒకే యింటిపై ఇద్దఱు తలారులు తిరుగబడిరి!

ఇది అరుదు. 2014లో వెలువడిన పరిశోధనలో 691 మంది రోగులలో 23 మందికి మాత్రమే తొడుగు చెడిన లక్షణములు కానవచ్చెను. వారిలో కొందఱికి మాగ్, కొందఱికి ఆక్వాపోరిన్-4 అను ప్రతిరక్షకము లుండెను. అరుదని విడువరాదు, రెండవదానిని గుర్తింపనిచో కన్నులు, వెన్నుపాము చెడవచ్చును. అట్లని పరీక్షా పత్రములో పేరు కనబడినంతనే రోగమున్నట్లు గాదు; రోగి లక్షణములు దానితో సరిపడవలెను.

స్టెరాయిడు మందులు, నెత్తురులోని ద్రవమును మార్చుట, గడ్డ యున్న దానిని తీసివేయుట ముఖ్య చికిత్సలు. త్వరగా ప్రారంభించిన పెక్కురు కోలుకొందురు. కాని నెలలు పట్టును, ఓపిక కావలెను.

పెద్దలారా! మీ మాట ఊరిలో చెల్లును. ఇట్టి బిడ్డను కట్టివేయనీయకుడు. భూతవైద్యునికొఱకు దినములు గడుపనీయకుడు. ఆసుపత్రికి పంపుడు. కోలుకొన్న పిమ్మట క్రొత్త బాధ కలిగిన, అది క్రొత్తదని వైద్యునికి ధైర్యముగా చెప్పుడు. ఆ తండ్రి చెప్పుటచేతనే నేడా బాలిక రెండు కన్నులతో చదువుకొనుచున్నది.