హాస్యవృత్తియు మన కర్తవ్యమును
(వార్షిక మహాసభయం దొసంగిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చి ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు నన్నాదేశించిరి. జమాఖర్చులు కార్యదర్శిగారి నివేదికలో నున్నవి. కావున నేనొక హాస్యగాని చరిత్రతో నారంభించెదను. అతనికిని విద్యానిధికిని సంబంధమేమని తాము నవ్వవచ్చును. ఆ నవ్వే నా ప్రసంగమునకు విషయము.

కపిల్ శర్మ 1981 వ సంవత్సరమున పంజాబునందలి అమృతసరములో జన్మించెను. తండ్రి పోలీసు హెడ్ కానిస్టేబులు. కుమారుడు చిన్ననాడే టెలిఫోను బూతులో పనిచేసెను, కళాశాలలో నాటకములాడెను. 2004 లో తండ్రి క్యాన్సరుచే మరణించెను. ఇంటి భారము తనయునిపై బడెను.

అంతలో 2005 లో స్టార్ వన్ అను టెలివిజను ఛానెలువారు హాస్యగాండ్రకొక పోటీ నెలకొల్పిరి. దానిపేరు గ్రేట్ ఇండియన్ లాఫ్టర్ ఛాలెంజి. అందు తోడునటులు లేరు. మైకు ముందర నొక్కడే నిలిచి సభను నవ్వింపవలెను. నవ్వు రానిచో ఆ నిశ్శబ్దమును గూడ నొక్కడే భరింపవలెను. అమృతసరములో జరిగిన యెంపికలో కపిల్ శర్మను త్రోసివేసిరి. అతడు ఢిల్లీకి బోయి మరల పరీక్షకు నిలిచి యెంపికయ్యెను. 2007 లో మూడవ పోటీయందు ప్రథముడై 10 లక్షల రూపాయల బహుమానము నందెను. ఆ సొమ్ముతో సోదరి వివాహము జరిపించెను.

పిమ్మట కామెడీ సర్కస్ అను కార్యక్రమమున పలుమార్లు గెలిచెను. 2013 జూనులో కలర్స్ ఛానెలునందు తనపేరిటనే కామెడీ నైట్స్ విత్ కపిల్ ఆరంభించెను. 2016 లో సోనీకి మారెను. 2024 లో నెట్‌ఫ్లిక్సునకు జేరెను. నడుమ 2017 లో మనోవ్యాకులత, మద్యపానము అతనిని క్రుంగదీసెను; కార్యక్రమమే నిలిచిపోయెను. 2018 డిసెంబరులో మరల వేదిక నెక్కెను. స్త్రీలను, శరీరాకృతులను ఎగతాళి చేసెనను విమర్శయు అతనిపై గలదు. అతనిని సర్వవిధముల నాదర్శముగా జూపుట నా యుద్దేశము కాదు. నేను జూపునది ఆ రెండవ పరీక్షను. ఢిల్లీలో ద్వారము మూసియుండినచో ఈ కథ అమృతసరముననే ముగిసియుండెడిది.

ఇక నా తప్పు చెప్పుకొనవలెను. పండ్రెండేండ్ల క్రిందట విద్యార్థివేతనముల యుపసంఘమున నేనొక సభ్యుడను. విశ్వవిద్యాలయమున రంగస్థలకళ నభ్యసింపగోరి మన కులబాలు డొకడు దరఖాస్తు పెట్టుకొనెను. “ఇదియు నొక చదువేనా నాయనా?” యని నేనడిగితిని. తక్కినవారు నవ్విరి. అతడు నమస్కరించి వెలుపలికి బోయి, వరండాలో నిలిచి, నా ప్రశ్ననే నా గొంతుతో పలికెను. నా దగ్గు సైతము విడువలేదు. అచటివారు విరగబడి నవ్విరి. నాకు కోపము వచ్చెను, దరఖాస్తు తిరస్కరించితిమి. తరువాత అతడు పట్టణము విడిచెనని వింటిని. అటువంటి ప్రజ్ఞ కన్నులయెదుట నిలిచినను గుర్తింపనొల్లని నేను పరీక్షాధికారినై కూర్చుంటిని.

తోలుబొమ్మలాటలో కేతిగాడు రానిదే మన పెద్దలకు రామాయణమైనను రుచింపదయ్యె. నేడును రాత్రి భోజనమైనంతనే టెలివిజనులో హాస్యమునకై వెదకుదుము. ఇతరుల బిడ్డ నవ్వించిన చప్పట్లు, మన బిడ్డ నవ్వించిన చీవాట్లు! ఇది న్యాయమా?

వేదిక నెక్కినవారందఱు కపిల్ శర్మలు కారు. వైద్యవిద్యకు దరఖాస్తు పెట్టినవారందఱు వైద్యులగుచున్నారా? కావున ఏటేట ఇద్దరు విద్యార్థులకు నాటకము, సంగీతము మున్నగు కళల నభ్యసించుటకు వేతన మొసంగవలెనని ప్రతిపాదించుచున్నాను. ఒకసారి త్రోసివేయబడినవానికి మరుసటి యేట మరల వచ్చు హక్కుండవలెను. తొలి యేటి ఖర్చు నేను భరించెదను. అది దానము కాదు, ఋణము. ఆ బాలునికి నేను పడిన బాకీ. దాతలగు పెద్దలు తక్కిన సంవత్సరములకు పూనుకొందురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.