శిశువుల చెవిచీము: చికిత్సయు, నుపేక్షవలని యపాయములును

(చరోదా ప్రాంతపు మునిసిపలు, తాలూకా యుద్యోగుల యుపయోగార్థము తెలుగున వ్రాయఁబడిన యుపన్యాసము)



బిడ్డ చెవినుండి చీము కారుట మన యిండ్లలో వ్యాధిగా నెన్నఁబడుట లేదు. ఈడు వచ్చిన నదియే మానునని పెద్దలు చెప్పుదురు. ఈ నమ్మకము పెక్కుమంది పిల్లల వినికిడిని, కొందఱ ప్రాణములను గూడ హరించినది.

భిలాయి మార్షలింగు యార్డునందును, 1959లో మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిఁగిన యుక్కు కర్మాగారమునందును పనికై వచ్చిన తెలుఁగు కుటుంబములు ఈ ప్రాంతమునఁ గలవు. ఇరుకు గదులు, వంటపొగ, పొగాకుపొగ, తఱచు పడిసెము గలచోట్ల నీ వ్యాధి యెక్కువగును.

కారణము: ముక్కు వెనుకనుండి మధ్యకర్ణమునకు సన్నని నాళమొకటి కలదు. పెద్దలలో నది పొడవై యేటవాలుగ నుండును. శిశువులలోఁ బొట్టిదై యించుమించు అడ్డముగ నుండును. పడిసెము పట్టినపుడు నాళము వాచి మూసికొనును. లోన నీరు నిలుచును. న్యూమోకాకస్ మున్నగు సూక్ష్మజీవులు చేరి చీము పట్టించును. పసిబిడ్డ నొప్పిని జెప్పనేరక చెవి లాగికొనును, రాత్రి యేడ్చును, పాలు మానును. కర్ణభేరి చిల్లిపడి చీము వెడలినంతనే నొప్పి తగ్గును. ఇచ్చటనే తల్లి పొరపడును. నొప్పి తగ్గుటను వ్యాధి తగ్గుటగా నెంచును.

చికిత్స: నొప్పికి బిడ్డ తూనికకుఁ దగిన పారాసిటమాల్ నీయవలయును. ఆఱు నెలలలోపు శిశువునకును, తీవ్రమైన జ్వరముగాని నొప్పిగాని గలవారికిని, చీము కారువారికిని, రెండేండ్లలోపు వయస్సున రెండు చెవులును జెడినవారికిని, వైద్యుఁడు అమాక్సిసిల్లిన్ వెంటనే యారంభించును. తక్కినవారిని 48 మొదలు 72 గంటలవఱకు కనిపెట్టి చూడవచ్చును. మందు మొదలిడిన పిమ్మట నొప్పి పోయినదని నడుమ మానరాదు.

చీము 14 దినములు గాని యంతకు మించి గాని కారినచో నది దీర్ఘవ్యాధి. శుభ్రమైన మెత్తని గుడ్డను వత్తిగాఁ జేసి చెవిలో నుంచి, తడిసినంతనే తీసి, పొడిగా వచ్చువఱకు మార్చవలయును. దినమునకు మూఁడు నాలుగు మార్లు ఇట్లు చేసిన పిదప వైద్యుఁడు వ్రాసిన సిప్రోఫ్లాక్సాసిన్ చుక్కలను రెండు వారములు వేయవలయును. తడి చెవిలో చుక్కలు వేసిన, మందు చీముపైఁ దేలును గాని లోనికిఁ బోదు. వెల్లుల్లి కాఁచిన నూనె, ఆకుపసరు పోయరాదు. పిన్నీసులు, అగ్గిపుల్లలు పెట్టరాదు. వీధిలో చెవులు తీయువారికి బిడ్డను జూపరాదు.

అపాయ చిహ్నములు: (1) చెవి వెనుక నొప్పితోఁ గూడిన వాపు, చెవి ముందునకు జరుగుట, (2) ముఖమొక ప్రక్కకు వంకరపోవుట, (3) తల తిరుగుట, (4) తలనొప్పి, వాంతులు, మెడ బిగియుట, మగఁత. ఇవి చీము ఎముకకును, నరమునకును, తుదకు మెదడునకును ప్రాఁకుచున్న గుఱుతులు. ఇట్టి బిడ్డను నాఁడే పెద్దాసుపత్రికిఁ బంపవలయును, మఱునాఁటి కాపరాదు. దుర్వాసనగల కొలఁది చీము మానక కారినచో, చర్మపుఁబొర లోపల పెరిగి యెముకలను దినుచుండవచ్చును. దానికి శస్త్రచికిత్సయే గాని చుక్కలు చాలవు.

ఉద్యోగుల కర్తవ్యము: 2013లో నారంభమైన రాష్ట్రీయ బాలస్వాస్థ్య కార్యక్రమము ప్రకారము బడులకును, అంగన్వాడీలకును వచ్చు వైద్యబృందములు ప్రతి బిడ్డ చెవిని జూచునట్లు చూడవలయును. ఇంటింటికిఁ బోవు మితానిన్‌లకు వత్తిచేయు విధమును, అపాయ చిహ్నములను నేర్పింపవలయును. 2021 నాఁటికి దేశమంతటికిని విస్తరించిన న్యూమోకాకస్ టీకాను 6 వారములు, 14 వారములు, 9 నెలల వయస్సులందుఁ దప్పక వేయించవలయును. మొదటి యాఱు నెలలు తల్లిపాలే యిచ్చుట, సీసాపాలు పండఁబెట్టి త్రాగింపకుండుట యను మాటలు ప్రతి వార్డునఁ జాటింపవలయును. ఔషధశాలలలో చుక్కల సీసాలు లేకుండుట యుద్యోగులు విచారింపవలసిన లోపము.

బడిలో వెనుక వరుసఁ గూర్చుండి పిలిచినఁ బలుకని బాలుని ఉపాధ్యాయుఁడు మందమతి యనును. ఆ బాలునికి మాట సగమే వినఁబడుచుండవచ్చును. శిక్షించుటకుఁ బూర్వము వాని చెవిని జూపించుట మేలు.