విదురుడికి గాంధీ టోపీ

సెన్సారు అనగానే మనకు ముద్దు సీనో, రక్తపాతమో గుర్తొస్తుంది. మరి తెల్లదొరల కాలంలో? అప్పటి కత్తెర కన్ను రాజకీయం మీద!

1918లో బ్రిటిష్ ప్రభుత్వం సినిమాటోగ్రాఫ్ చట్టం తెచ్చింది. తర్వాత మద్రాసు, బొంబాయి, కలకత్తా, రంగూన్‌లలో సెన్సారు బోర్డులు వచ్చాయి. వాటిలో పెత్తనం ఎవరిదనుకున్నారు? పోలీసు కమిషనర్లది.

1921లో ‘భక్త విదుర’ అనే మూకీ చిత్రం వచ్చింది. కథ మనకు తెలిసిన మహాభారతమే. కానీ తెరమీది విదురుడు ఖద్దరు కట్టాడు, గాంధీ టోపీ పెట్టాడు. అంతే! మద్రాసులో నిషేధం, కరాచీలో నిషేధం. పురాణం చాటున ఏముందో ప్రేక్షకుడికీ తెలుసు, పోలీసుకీ తెలుసు.

ఇక మన తెలుగు సినిమా సంగతి. 1939లో గూడవల్లి రామబ్రహ్మం ‘రైతుబిడ్డ’ తీశారు. అది జమీందారీ దోపిడీ కథ. ఆ సినిమా తీసిన సంస్థ వెనక ఉన్నది ఎవరో తెలుసా? సాక్షాత్తూ చల్లపల్లి రాజావారు! అయినా మిగతా జమీందార్లు ఊరుకోలేదు. చివరికి ఆ సినిమా మీదా నిషేధం పడింది.

మళ్లీ చెబుతున్నాను. ఒకచోట దొరలకు గుచ్చుకుంది, మరోచోట జమీందార్లకు గుచ్చుకుంది. రెండుచోట్లా బొమ్మ ఆగిపోయింది.

ఇవాళ సర్టిఫికెట్లిచ్చే కేంద్ర బోర్డు 1952 నాటి చట్టం కింద పనిచేస్తోంది. కాలం మారింది, చట్టం మారింది. ఈసారి ఏ సినిమాకైనా కోత పడిందని వింటే, అది ఎవరికి గుచ్చుకుందో ఒక్కసారి ఆరా తీయండి.