గని పటము, కడలి త్రోవ



పట్టభద్రులారా, తీరమునకు ఇంత దూరమున, బొగ్గుబాయి సైరను మ్రోతతో ప్రొద్దులు లెక్కించుకొను ఈ గోదావరిఖనిలో నేను సముద్రమును గూర్చి మాటలాడబూనుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. కాని మీ ఊరి ప్రక్కగా పారు ఈ గోదావరియే, దారి పొడవున తెచ్చుకొన్న ఒండ్రుతో కోరింగ మడ అడవులను పెంచి, కాకినాడ రేవునకు గాలివానలలో అడ్డుగా నిలుచు హోప్ దీవి యను ఇసుకతిన్నెను పోసినది. ఓడలు లంగరు దించునది ఆ తిన్నె చాటుననే. శీతకాలమున తాబేళ్లు గ్రుడ్లు పెట్టవచ్చునది ఆ ఇసుకమీదికే. పల్లెకారులు వలలు విడుచునది ఆ నీటనే. ఇంకను లోతునకు పోయినచో సహజవాయువును తోడు బావులు కలవు. ఒడిశా గనుల బొగ్గు సైతము పారాదీపులో ఓడనెక్కి, మన కోస్తా పొడవునను సాగి, ఎన్నూరులో దిగుచున్నది. ఒడ్డున నిలిచి చూచువానికి శూన్యముగా కనబడు ఆ నీలిమ నిజమునకు సంతవీథివలె క్రిక్కిరిసినది.

1976 నాటి చట్టముచే తీరమునుండి 200 నాటికల్ మైళ్ల వరకు గల సముద్రసంపదపై మన దేశమునకు హక్కు ఏర్పడినది. హక్కు ఏర్పడినంత త్వరగా వ్యవస్థ ఏర్పడలేదు. రేవుల వారికొక పటము, మత్స్యశాఖకొక పటము, చమురు సంస్థలకొకటి, అటవీశాఖకు మరియొకటి. వీనినన్నింటిని ఒకదానిపై నొకటి పఱచి, ఎవరికి ఎచ్చట, ఏ ఋతువున తావుండవలెనో అందఱును కలిసి ముందుగా నిర్ణయించుకొనుటయే సముద్రప్రాంత ప్రణాళిక. 2019లో నార్వే సహకారముతో మన దేశము ఇట్టి ప్రయత్నమునకు పుదుచ్చేరిని, లక్షద్వీపములను ఎన్నుకొన్నది.

పటము విలువ ఈ సభకు నేను చెప్పవలసినది కాదు. మీ తండ్రులలో అనేకులు దిగిన బాయికి సర్వే ఆఫీసులో ఒక ప్లాను కలదు. ఏ గ్యాలరీ ఎంతవరకు పోయినది, ఏ పిల్లరును కదలింపరాదు, పాత పనులలో నిలిచిన నీటికి ఇవతల ఎంత బొగ్గును త్రవ్వక విడువవలెను అనునదంతయు దానిపై గీతలుగా నుండును. 2003లో ఈ ఊరి 7 ఎల్‌ఈపీ గనిలోనికి నీరు ఉరికివచ్చి 17 మంది కార్మికులు అసువులు బాసిరి. ఆ మాట ఈ శుభవేళ ఎత్తవచ్చునా యని నేను తటపటాయించితిని; కాని వారిని మఱచి పటములను గూర్చి ఇచ్చట మాటలాడుటకు నా మనసు ఒప్పలేదు.

ఓడల వ్యాపారమునకు సముద్రప్రాంత ప్రణాళిక వంటి కట్టుబాటు ఇబ్బందికరమని తలచువారు కలరు. వారికి నేను మన ఓరుగల్లు నేలిన గణపతిదేవుని చూపుదును. రాజధాని సముద్రమునకు బహుదూరము. అయినను 1244-45లో ఆయన మోటుపల్లి రేవున ఒక అభయశాసనము వేయించినాడు. గాలివానకు చెదరి ఒడ్డున పడిన ఓడల సరకును పూర్వరాజులు బలాత్కారముగా లాగికొనుచుండగా, ఆయన దానిని మాన్పి, సరకుపై ముప్పదింట నొకవంతు సుంకమును మాత్రము నిర్ణయించినాడు. సుంకము ఎంతో ముందే తెలిసినచో వర్తకుడు దానిని లెక్కలో వేసికొని తెరచాప నెత్తును. ఎవడు ఎప్పుడు ఏమి లాగికొనునో తెలియని రేవునకు రాడు. నేటి నౌకాపరిశ్రమకును ఇదే న్యాయము. 2007లో బోస్టన్ రేవునకు పోవు ఓడలదారిని తిమింగలములు అంతగా తిరుగని వైపునకు కొంచెము జరిపిరి. పటము ముందున్నందున అది సాధ్యమైనది. బావులు త్రవ్వి, స్తంభములు పాతిన పిమ్మట దారి మార్చుమన్నచో ఆ వ్యయము ఇంధనరూపమున చిరకాలము వెంటాడును.

అయితే నన్ను కలతపెట్టు విషయము వేఱొకటి కలదు. పెద్ద ఓడ తాను పోయిన త్రోవను యంత్రముచే క్షణక్షణము ప్రకటించుకొనుచు పోవును. తెప్పపై పోవు జాలరికి అట్టి యంత్రము లేదు. ఫలానా కొండ ఫలానా చెట్టుతో ఒకే వరుసకు వచ్చినపుడు అడుగున రాతిబండ కలదని, అచ్చట చేప కలదని అతడు తండ్రివలన నేర్చినాడు. ఓడల లెక్కలను మాత్రమే నమ్మి గీచిన పటమున అతని తావు తెల్లకాగితముగా మిగులును; తెల్లగా నున్నచోట మఱియొకరు గీత గీయుదురు. ఇది అన్యాయము. ఓడల యజమానులు కూర్చుండు బల్లయొద్ద అతనికిని మొదటిదినము నుండియే పీట వేయవలెను.

మీలో సర్వేయర్లు, భూగర్భశాస్త్రజ్ఞులు, కంప్యూటరు చదివినవారు కలరు; రేపు ఈ పటములను గీయుడని మిమ్ము పిలువవచ్చును. పిలిచిననాడు, వేకువజామున విశాఖ చేపలరేవునకు పొండు. వలలు దులుపుకొనుచున్న వృద్ధుని ప్రక్కన కూర్చుండి, ఏ కొండ గురుతుతో వల దింపుదువు తాతా యని అడుగుడు; అతడు చెప్పినదానిని చెప్పినట్లే వ్రాసికొనుడు.