బి.పి. 180 అనగానే ఇంజెక్షన్ అడగకండి

సిస్టర్ బి.పి. చూసి "180" అనగానే మీరు కంగారుపడి, "వెంటనే తగ్గించండి" అంటారు. రోగికి ఏ బాధా లేనప్పుడు ఆ తొందర మంచిది కాదు. నొప్పి, భయం, నిద్రలేమి, మూత్రం ఆగిపోవడం, రోజూ వేసుకునే మాత్ర తప్పిపోవడం, వీటివల్ల కూడా బి.పి. పెరుగుతుంది. ముందు అవి సరిచేసి, కాసేపు విశ్రాంతి ఇచ్చి మళ్లీ చూస్తాం. ఒకప్పుడు నాలుక కింద నిఫెడిపిన్ వేసేవారు. బి.పి. ఒక్కసారిగా పడిపోయి కొందరికి పక్షవాతం, గుండెపోటు రావడంతో ఆ పద్ధతి వద్దన్నారు.

ఇంట్లో వాడే మాత్రల అట్టలు తెచ్చి చూపండి. "చిన్న తెల్ల మాత్ర" అంటే మాకు తెలియదు! ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చూపు మసకబారడం, తికమకగా మాట్లాడటం, చెయ్యో కాలో పడిపోవడం కనిపిస్తే మాత్రం అర్ధరాత్రయినా వెంటనే సిస్టర్‌ను పిలవండి.