మాటలు ఎవరు నేర్పారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాతోపాటు ఈ బెంచీల మీద కూర్చుని చదివి, ఇవాళ మనవళ్ళను వెంటబెట్టుకుని రొంపిచెర్ల వచ్చిన మిత్రులకు అభినందనలు.

"పిల్లలు మాటలు ఎలా నేర్చుకుంటారో చెప్పండి మాస్టారూ, పాఠంలాగా మాత్రం వద్దు" అన్నారు నిర్వాహకులు. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలే చెప్పినవాడికి ఆ షరతు కష్టం. ప్రయత్నిస్తాను.

మా మనవరాలికి మూడేళ్ళు. మొన్న అన్నం తిని వచ్చి "తాతా, నా చెయ్యిలు కడుక్కున్నా" అంది. మా ఇంట్లో "చెయ్యిలు" అనేవాళ్ళు ఎవరూ లేరు. అందరం "చేతులు" అనేవాళ్ళమే. మరి ఆ మాట దానికి ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. బొమ్మ, బొమ్మలు, కుర్చీ, కుర్చీలు అని వింటూ వింటూ, ఒకటి కంటే ఎక్కువైతే చివర "లు" తగిలించాలని తనకు తానే ఒక సూత్రం లాగింది. దాన్ని చెయ్యికి కూడా తగిలించింది. తప్పే కానీ, తెలివైన తప్పు.

ఈ తప్పు మీదే పెద్ద పెద్దవాళ్ళు తగవు పడ్డారు. అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1957లో "వెర్బల్ బిహేవియర్" అని పుస్తకం రాశాడు. ఆయన లెక్కలో భాష ఒక అలవాటు. బిడ్డ "మ్మ" అంటుంది, తల్లి మురిసిపోయి ఎత్తుకుంటుంది, బిడ్డ మళ్ళీ "మ్మ" అంటుంది. రెండేళ్ళు తిరక్కుండానే, 1959లో, చామ్‌స్కీ ఆ పుస్తకాన్ని చీల్చి చెండాడుతూ సమీక్ష రాశాడు. పిల్లలు ఎన్నడూ వినని వాక్యాలు కూడా అంటారు, కాబట్టి భాష నేర్చే శక్తి పుట్టుకతోనే వస్తుందని ఆయన వాదన. ఆ మధ్య ఏడాదిలో, 1958లో, జీన్ బెర్కో పిట్టలాంటి బొమ్మ ఒకటి గీసి, దానికి "వగ్" అని లేని పేరు పెట్టి పిల్లలకు చూపించింది. అలాంటివి రెండు చూపిస్తే ఏమంటారని అడిగితే "వగ్స్" అన్నారు. లోకంలో లేని మాటకు బహువచనం చేశారు! మా మనవరాలి "చెయ్యిలు" కూడా ఆ గూటి పక్షే.

మన తెలుగులో ఇంకో వింత ఉంది. "మనం ఆడుకుందాం" అంటే నువ్వు కూడా రమ్మని. "మేం ఆడుకుంటున్నాం" అంటే నిన్ను చేర్చుకోలేదని. ఇంగ్లీషులో రెంటికీ ఒకటే మాట. ఈ తేడా ఏ తల్లీ కూర్చోబెట్టి నేర్పదు. అయినా నాలుగేళ్ళ పిల్లలు ఆటలోంచి తోటివాణ్ణి గెంటెయ్యాలంటే "మేం" అని సరిగ్గా వాడతారు.

అలాగని స్కిన్నర్‌ను పూర్తిగా కొట్టెయ్యలేం. బువ్వ, లాల, జోజో అంటూ పెద్దవాళ్ళమే చిన్నవాళ్ళ నోటికి తగ్గట్టు మాటలు మార్చుకుని మాట్లాడతాం కదా. ఎదురుగా మాట్లాడే మనిషి లేకపోతే పుట్టుకతో వచ్చిన శక్తి ఏం చేస్తుంది? "ర" మాత్రం ఆలస్యంగా పలుకుతుంది. మా మనవరాలు "కాలు వచ్చింది" అంటే వీధిలోకి చూడాలి, కింద పాదాల వైపు కాదు.

ఇక స్విట్జర్లాండ్‌లో పియాజే. పిల్లలు ఆడుకుంటూ తమలో తాము మాట్లాడుకోవడం గమనించి 1923లో పుస్తకం వేశాడు. ఎదుటివాడి వైపు నుంచి ఆలోచించడం ఇంకా రాని వయసు కాబట్టి అలా మాట్లాడతారని, పెద్దయ్యేకొద్దీ అది పోతుందని ఆయన అన్నాడు. రష్యాలో వైగోట్‌స్కీ ఒప్పుకోలేదు. ఆయనా గోమెల్ అనే ఊళ్ళో కొన్నాళ్ళు మనలాగే బడిపంతులు. క్షయతో 1934లో, 37 ఏళ్ళకే పోయాడు. పిల్లవాడు తనలో తాను మాట్లాడేది తన పనికి తానే దారి చూపించుకోవడానికని, ఆ మాటే పోనుపోను లోపలికి వెళ్ళి ఆలోచన అవుతుందని ఆయన అన్నాడు.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. కారణం చెబుతాను.

నా మొదటి ఉద్యోగం పల్నాడు మెరక ప్రాంతంలో ఒక లంబాడీ తండాలో. ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకటో తరగతిలో ఒక పిల్లవాడు మూడు నెలలు నోరు విప్పలేదు. బొమ్మ చూపించి "ఇదేంట్రా" అంటే నేల చూపులు చూసేవాడు. ఒకసారి చెవి మెలిపెట్టాను కూడా. రిజిస్టరులో వాడి పేరు పక్కన "మందబుద్ధి" అని రాశాను. ఆ చేతిరాత నాదే.

ఒక మధ్యాహ్నం బోరింగు దగ్గర వాడొక్కడే కనిపించాడు. కారిపోయే నీళ్ళకు మట్టితో కట్ట వేసి, సాగరు కాలవ తీసినట్టు పిల్లకాలవలు తీస్తున్నాడు. ఒక పక్క మూసి ఇంకో పక్క వదులుతున్నాడు. నోరు ఆగడం లేదు. అంతా లంబాడీలో. నాకు అర్థమైన మాట "పాణి" ఒక్కటే. వాడికి బుద్ధి లేకపోవడం కాదు, నాకు వాడి భాష రాకపోవడం.

మర్నాడు చెంబుతో నీళ్ళు తరగతిలోకి తెచ్చి, "మేం దీన్ని నీళ్ళు అంటాం, మీరేమంటారు?" అని అడిగాను. "పాణి" అన్నాడు. బడిలో వాడి మొదటి మాట అదే. అమ్మను యాడి అంటారని, రొట్టెను బాటి అంటారని ఆ పిల్లలే నాకు నేర్పారు. నేను పలికితే పడీ పడీ నవ్వేవాళ్ళు. ఆ నవ్వుల్లో వాళ్ళకూ తెలుగు వచ్చేసింది. తర్వాత నాకు బదిలీ అయింది. రిజిస్టరులోని ఆ మాట మాత్రం కొట్టెయ్యకుండానే వచ్చేశాను.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం పుస్తకాలు రాసి, 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల పుస్తకాలు వచ్చాయి, అదీ తెలుగు లిపిలోనే. ఇంటి మాటతో మొదలుపెట్టి తెలుగులోకి, ఆపైన ఇంగ్లీషులోకి నడిపించాలని ఆలోచన. ఇంగ్లీషు వద్దని నేననను. ఇక్కడ కూర్చున్న చాలామంది అన్నం పెట్టిందే అది. మూడేళ్ళ బిడ్డతో మనకే సరిగ్గా రాని భాషలో రెండు మూడు ముక్కలు మాట్లాడి ఊరుకుంటున్నామే, దానికి నా అభ్యంతరం. అమెరికా నుంచి వచ్చిన మిత్రుడొకడు పొద్దున చెప్పాడు: వాళ్ళ మనవడికి తెలుగు అర్థమవుతుందట, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తాడట. ఇంట్లో నాయనమ్మ తెలుగులోనే మాట్లాడుతున్నంత కాలం దిగులు పడొద్దన్నాను.

ఈ స్వర్ణోత్సవానికి గుర్తుగా ఏం చేద్దామని సంఘం వారు అడిగారు. కంప్యూటర్లు, రంగులు, గేటు అని చాలామంది రాసిచ్చారు, చేయండి. నాదొక చిన్న కోరిక. బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు తండాల పిల్లలు చేరే చిన్న బడి ఏదైనా ఒకటి ఎంచుకోండి. ఆ తండాలోనే కథలు బాగా చెప్పే ఒక పెద్దావిడను వారానికి ఒక పూట ఒకటో తరగతికి పిలిపించండి. ఆమె తన భాషలో చెబుతుంది, పంతులు పక్కన కూర్చుని వింటాడు. మొదటి ఏడాది ఆమెకు ఇవ్వాల్సింది నేనిస్తాను.